ఓర్వకల్లుకు అర్ధగంట

విమానాలకు దారి చెప్పి జీతం తీసుకునేవాణ్ణి. అలాంటి నేను ఒకసారి కడప నుంచి కర్నూలుకు విమానంలో వెళ్లాను. ఇది చదివి మీకు నవ్వు రాలేదంటే మీది మా పక్క కాదన్నమాట. విడమరిచి చెప్తాను.

మా అక్క ఓర్వకల్లులో కొత్త ఇల్లు కట్టుకుంది. పాస్టరుగారు వచ్చి గృహప్రతిష్ఠ చేస్తారు, అందరూ రావాలని కబురు పెట్టింది. కర్నూలు విమానాశ్రయం ఉన్నది ఆ ఓర్వకల్లులోనే. నేను పనిచేస్తున్నది కడప విమానాశ్రయంలో, విమానాలు లేవడానికీ దిగడానికీ అనుమతులిచ్చే టవర్లో. రెంటికీ మధ్య గాలిదూరం నూట యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. "ప్రయాణికుల విమానం సూటిగా ఎగిరితే అర్ధగంట" అని ఇంట్లో వారం రోజులు అంటూ తిరిగాను. మా బామ్మర్ది దావీదు వింటున్నప్పుడు ఇంకాస్త గొంతు పెంచి అన్నాను. దావీదు కడప నుంచి కర్నూలుకు ప్రభుత్వ బస్సు నడిపే డ్రైవరు. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా ఓర్వకల్లు చేరడానికి అతనికి నాలుగు గంటలు పడుతుంది.

నా మాటలో దోషమల్లా 'ఎగిరితే'లోని ఆ 'తే'. సూటిగా ఎగిరే విమానం లేదు. అది నాకు తెలియదా? రోజూ నా చేతిమీదుగా లేచే విమానాలే. కాని దావీదు పదిమంది ముందు "అయితే బావను విమానంలోనే రమ్మనండప్పా" అనేసరికి, పౌరుషానికి పోయి "వస్తా" అన్నాను. ముందు చెన్నై పోవాలి, అక్కడ పడిగాపులు పడాలి, ఇంకో విమానమెక్కి మళ్లీ ఇటే రావాలి. గడప దాటితే పక్కిల్లు. నేనేమో వీధి చివరి దాకా పోయి వెనక తలుపులోంచి వచ్చాను. కడప అన్న పేరు గడప నుంచే వచ్చిందంటారు. దాటడం ఎంత కష్టమో నాకు ఆ రోజే తెలిసింది.

మా ఆవిడ శాంతమ్మ తెలివైనది. "మీరు పోండి గాల్లో. నేను మా తమ్మునితో పోతా" అని తెల్లవారుజామున బస్సెక్కింది.

ఎండ వాలుతుండగా ఓర్వకల్లులో దిగి బయటికి వస్తే, గేటు దగ్గర దావీదు నోట్లో పుల్లతో పళ్లు కుట్టుకుంటూ నిలబడి ఉన్నాడు. చేతిలో కాగితం పొట్లం.

"ఏం బావా, అయిపాయనా నీ అర్ధగంట?"

నేను సంచిని ఇంకో భుజానికి మార్చుకున్నాను.

"ప్రార్థన అయిపాయ, భోజనాలు అయిపాయ, నేనొక నిద్ర గూడా తీసినా. పొద్దున చేసిన ఉగ్గాని, బజ్జీ నీకోసరం దాపెట్టినా." పొట్లం నా చేతిలో పెట్టాడు. "ఆరిపోయిండాది గాని, తిను."

తిన్నాను. ఆకలికి సిగ్గుండదు. ఆనాటి నుంచి చుట్టాల్లో నా పేరు అర్ధగంట బావ. దావీదు తన ఫోన్లో కూడా అలాగే రాసుకున్నాడు.

నాటు మైలు

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. జీతమెంత, బదిలీలు ఎక్కడికి, రాత్రి డ్యూటీలు ఎన్ని అని అడుగుతారు. అవన్నీ ఆఫీసువాళ్లే చెప్తారు. వాళ్లు చెప్పనిది ఏమిటంటే, మన పని విమానాలతో కాదు, మాటలతో. నేలమీద కూర్చుని గాల్లో మాటలు పంపడం. గాలి మాటలు చెప్పేవాళ్లను ఊళ్లో ఎవరూ నమ్మరు. మనల్ని మాత్రం నమ్మి ప్రాణాలు అప్పగిస్తారు. కాబట్టి ఒక్కో మాటా చూసి పంపాలి.

నందికొట్కూరులో తెలుగు మీడియం చదివి వచ్చినవాణ్ణి. శిక్షణలో దూరాలన్నీ నాటికల్ మైళ్లలో చెప్పేవారు. ఆ మొదటి ముక్క నా చెవికి 'నాటు' అని వినబడింది. అందులో వింతేమీ తోచలేదు. నాటుకోడి ఉంది, నాటు మందు ఉంది, నాటు మైలు ఉండకూడదా? మామూలు మైలు కంటే కాస్త పెద్దదని కూడా చెప్పారు. ఇంకేం, నాటు సరుకు ఎప్పుడూ గట్టిదే. పక్కన కూర్చున్న తెలుగు కుర్రాడికి ఇదంతా గుసగుసగా వివరిస్తుంటే వెనక నుంచి ఒక గొంతు వచ్చింది.

"అయితే రోడ్డు పక్క రాళ్ల మీద రాసేది ఫారం మైలా, నాయనా?"

ఆయనే రంగాచారిగారు, నా మొదటి పై అధికారి. గుంటూరు పక్క మనిషి. ఆయనకు కోపం ఎక్కువ, కాఫీ ఇంకా ఎక్కువ, మెచ్చుకోవడం మాత్రం అస్సలు చేతకాదు. ఆయన కింద నేను చేసిన రెండేళ్లూ నన్ను 'నాటు' అనే పిలిచారు. ఒక రోజు మాత్రం పక్కకు పిలిచి అన్నారు: "నువ్వు పేరు తప్పన్నావు, కొలత ఒప్పన్నావు. పేరు ఒప్పు చెప్పి కొలత తప్పేవాళ్లను చూస్తేనే నాకు భయం." అది పొగడ్త అని నేను ఇంటికి వెళ్లాక గ్రహించాను.

గాలి కలపడం

ఇంకో పాఠం అంత తేలిగ్గా రాలేదు. ఒక చిన్న విమానం ఎన్నింటికి వస్తుందో లెక్క కట్టమన్నారు. దూరాన్ని వేగంతో భాగించి, చక్కటి దస్తూరీతో రాసి, ఆయన ముందు పెట్టాను. కాఫీ తాగుతూ చూశారు.

"లెక్క బాగుంది. గాలి ఎవరు కలుపుతారు?"

నాకు అర్థం కాలేదు. కూరలో ఉప్పు గురించి అడుగుతున్నంత మామూలుగా అడిగారు మరి.

ఆయన దిద్దలేదు. కావాలనే వదిలేశారు. దిగబోయే విమానం కోసమని, లేవబోయే ఇంకో విమానాన్ని నా లెక్క ప్రకారం నేలమీద ఆపాం. దిగాల్సింది ఎంతకీ రాలేదు, ఎదురుగాలి దాన్ని పట్టి లాగుతోంది. ఆగింది ఎండలో ఉడుకుతోంది. దాని పైలట్ నన్ను నాలుగు సార్లు అడిగాడు, ఇంకెంతసేపని. నాలుగు సార్లూ నేను ఒక కొత్త అంకె చెప్పాను. నాలుగోసారి అతను "మంచిది" అని మాత్రం అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

గాలి కలపని లెక్క గాలిలెక్క. ఇది నా సొంత మాట. రంగాచారిగారు ఇంత బాగా చెప్పలేరు. కాని నేర్పింది ఆయనే. ప్రయాణికులను ఎండలో కూర్చోబెట్టి నాకు పాఠం చెప్పడం ఆయన చేసిన తప్పని నేను ఇప్పటికీ అంటాను. మీరు పై అధికారులైనప్పుడు అలా చేయకండి. పిల్లవాడి కాగితం దిద్ది, తర్వాత తిట్టండి.

దూరం నేలది. అది మారదు. సేపు గాలిది. అది ఎవరి మాటా వినదు. ఇంత తెలిసినవాణ్ణి ఇంట్లో మాత్రం గాలి కలపకుండా అర్ధగంట అంటూ తిరిగాను చూశారా, అందుకే అది నా మెడకు చుట్టుకుంది.

సువార్త

దావీదు చిన్న కూతురి పేరు సువార్త. బస్సు డ్రైవరు కూతురు విమానం నడుపుతానంటే బద్వేలులో వాళ్ల చుట్టాలు నవ్వారు. దావీదు నవ్వలేదు. "స్టీరింగు స్టీరింగే గదా" అన్నాడు. మా కడప విమానాశ్రయంలోనే ఒక శిక్షణ సంస్థ ఉంది. అందులో చేరింది.

శిక్షణలో ఒక మెట్టు ఉంటుంది: పక్కన గురువు లేకుండా, ఒంటరిగా, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎగిరి, దిగి, తిరిగి రావాలి. సువార్తకు ఇచ్చిన దారి కడప నుంచి ఓర్వకల్లు, ఓర్వకల్లు నుంచి కడప. ఆ చిన్న విమానానికి గాలి లేని రోజు ముప్పావుగంట పైచిలుకు ప్రయాణం.

మొదటిసారి సగం దారిలో వెనక్కి వచ్చేసింది.

దారి తెలియనప్పుడు వెనక్కి తిరగడం పిరికితనం కాదు, నేనైతే వీపు తట్టి పంపేవాణ్ణి. చిక్కేమిటంటే ఆమె దారి తప్పలేదు. ఆళ్లగడ్డ ఫలానా నిమిషానికి పక్కన కనబడాలని లెక్క వేసుకుంది. కనబడలేదు. ఎదురుగాలికి బండి నిదానించింది, ఊరు ఇంకా ముందే ఉంది. పిల్ల మాత్రం ఊరు దాటిపోయాననుకుని బెదిరింది. శిక్షణ సంస్థలో పెద్ద కెప్టెన్ ముక్కుసూటి మనిషి. "ఇంకోసారి చూద్దాం. ఈసారీ వెనక్కి వస్తే ఈ పని నీకు సరిపడదు, ఇంటికి వెళ్లు" అన్నాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి మా ఇంటికి వచ్చింది. అన్నం కెలుకుతూ కూర్చుంది. "మామా, నువ్వూ నాయనా అర్ధగంట, నాలుగు గంటలు అని కొట్లాడుకునేది చిన్నప్పటి నుంచి వింటాండా. నాకు గడియారమే దారైపోయినాది. కింద చూడడం మరిసిపోయినా" అంది.

శాంతమ్మ నా వైపు చూసిన చూపు నేను రాయలేను.

"ఈసారి ఎంతసేపు పడుతుంది మామా?"

నోటి దాకా అంకె వచ్చింది. మింగేశాను. "ఎంతసేపు పడితే అంతసేపు. గాలి కలుపుకో, కిందికి చూడు."

దావీదు చెయ్యి కడుక్కుని వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు. "నేను లీవు పెట్టి పొద్దున్నే బస్సులో పోతా. ఓర్వకల్లులో ఉంటా. నువ్వు ఊరికే రా మా. నేనుండే కాడికి రా, అంతే."

ఎంతసేపు?

సువార్త రెండోసారి ఎగిరిన రోజు పడమటి గాలి మేం అనుకున్న దానికంటే గట్టిగా లేచింది. దుమ్ముతో దూరాలు మసకబారాయి. కెప్టెన్ గాలి లెక్క చూసి, హద్దుల్లోనే ఉందని సంతకం పెట్టాడు. సువార్త విమానం లేచింది.

నేను మైకు పట్టుకోలేదు. కొత్తగా చేరిన ఇర్ఫాన్ అనే కుర్రాడికి అప్పగించి వెనక కుర్చీలో కూర్చున్నాను, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని. సొంత మనిషి గాల్లో ఉన్నప్పుడు మైకు పట్టుకోకండి. గొంతు వణికితే అది అవతలి చెవిలోకి వెళ్తుంది.

నా సెల్‌ఫోను అదిరింది. టవర్లో మాట్లాడకూడదు కాబట్టి మెట్ల మీదికి వెళ్లి ఎత్తాను.

"బావా, బయల్దేరిందా?"

"బయల్దేరింది."

"ఎంతసేపు?"

"గాలిని బట్టి."

"గాలిని బట్టి అంటే?"

"గాలిని బట్టే అప్పా."

"అర్ధగంట అని ఊరంతా టముకు కొట్టినోనివి! నిజంగా అడిగితే ఇప్పుడు గాలంటాండావా?"

వెనక్కి వచ్చాను. సగం దారి దాటాక ఆ పిల్ల మాట మాకు వినబడదు, అక్కడి నుంచి ఓర్వకల్లు టవరు అందుకోవాలి. మధ్యలో కొంత మేర, తక్కువ ఎత్తులో కొండల చాటున ఉంటే, ఎవరికీ వినబడదు. ఇవన్నీ ముందే తెలిసిన సంగతులే. కాని ఓర్వకల్లు టవరు వాళ్లు ఫోన్ చేసి "మీ పిల్ల రావాల్సిన సమయం దాటింది, ఇంకా మాతో మాట్లాడలేదు" అన్నప్పుడు, నేను కుర్చీలోంచి లేచి ఇర్ఫాన్ వెనక నిలబడ్డాను.

పడమటి గాలి విమానాన్ని కుడివైపుకు, అంటే తూర్పుకు తోస్తుంది. తూర్పున నల్లమల.

ఇర్ఫాన్ రెండు సార్లు పిలిచాడు. జవాబు లేదు. వెంటనే మూడోసారికి మైకు ఎత్తబోతే ఆపాను. "కాస్త ఆగు బాబూ. తను మన మాట వింటూ ఉండి, మనకు తన మాట వినబడకపోతే? ఒంటరిగా ఉన్న పిల్ల చెవిలో ఊరికే గంట కొట్టినట్టుంటుంది. పైన ఎవరున్నారో చూడు." చాలా ఎత్తులో పోయే పెద్ద విమానానికి కింద మనకు వినబడనివి కూడా వినబడతాయి.

మళ్లీ ఫోను. ఈసారి దావీదు గొంతులో ఎకసెక్కెం లేదు.

"బావా, ఈడ యా విమానమూ రాలా. ఆకాశమంతా సూస్తాండా. యాడుంది బావా నా బిడ్డ? ఎంతసేపు పడ్తాది?"

అర్ధగంట అనేస్తే సరిపోయేది. అతను ఊపిరి పీల్చుకునేవాడు. నేనూ పీల్చుకునేవాణ్ణి. ఉద్యోగమంతటిలో అంత కష్టంగా మింగిన అంకె ఇంకోటి లేదు.

"ఎంతసేపో నాకు తెలీదు దావీదూ. యాడుందో కూడా తెలీదు. ట్యాంకులో పెట్రోలు పోనూ రానూ మిగిలేంత ఉండాది. అది తెలుసు. వెతుకుతాండాం. తెలిసిన మరుక్షణం నీకే చెప్తా."

"సరే బావా. నువ్వు తెలీదన్నావంటే తెలీదనే. ఈడే ఉంటా."

నా మాట దావీదు నమ్మడం అదే మొదటిసారి అనుకుంటాను. ఓర్వకల్లులో నిలబడి ఓర్చుకోవడం ఎంత కష్టమో తండ్రిగా అతనికి తెలుసు. టవర్లో నాకు తెలుసు.

బస్సు రూటు

చెన్నై వైపు పోతున్న ఒక ప్రయాణికుల విమానాన్ని ఇర్ఫాన్ పట్టుకున్నాడు. ఫలానా చిన్న విమానాన్ని పిలిచి చూడండి, మాకు వినబడడం లేదు అని అడిగాడు. పైలట్ ఉత్తరాది మనిషి. సరేనని ఓర్వకల్లు రేడియో ఛానలుకు వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ఆయన గొంతులో కొంచెం అయోమయం.

"మీ అమ్మాయి బాగానే ఉంది. బస్సు రూట్లో ఉన్నానని చెప్పమంది. బస్సు రూటు అంటే మీకేమైనా అర్థమవుతుందా?"

ఇర్ఫాన్ నా వైపు తిరిగాడు. "సార్, బస్సు రూటంట."

నాకు అర్థమైంది. అర్థమై, కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

తర్వాత సువార్త చెప్పింది. రావాల్సిన గుర్తులు ఒక్కటీ రాలేదట. గడియారం చూడబోయి, మానేసి, కిందికి చూసిందట. కేసీ కాలువ కనబడింది. కర్నూలు, కడప రెండూళ్ల పేర్లనూ కలిపి మోస్తున్న కాలువ అది. దాని వెంబడి చూస్తే ఒక పెద్ద ఊరు, ఊళ్లోంచి బయటికి వచ్చే రోడ్డు. అది నంద్యాల. అంటే గాలి తనను కుడికి తోసేసిందన్నమాట. ఎండాకాలం సెలవుల్లో వాళ్ల నాయన బస్సులో ముందు సీట్లో కూర్చుని ఎన్నిసార్లో చూసిన రోడ్డు. వెనక్కి తిరగలేదు, ఎడమకు తిరిగింది. పాణ్యం, ఆ తర్వాత ఓర్వకల్లు రాతి గుట్టలు. రోడ్డు విడవకుండా వచ్చేసింది.

ఓర్వకల్లు టవరు నుంచి ఫోన్ వచ్చింది. ఇర్ఫాన్ విని, పెట్టేసి, లేచి నిలబడ్డాడు. "సువార్త చేరింది సార్."

మేం ఆ పేరును అంతకుముందు ఎన్నోసార్లు అన్నాం. దానికి అర్థం ఉందని ఆ రోజు గుర్తొచ్చింది.

దావీదుకు ఫోన్ చేస్తే అతనే అరుస్తున్నాడు. "దిగినాది బావా! నా కండ్ల ముందరే దిగినాది! దేవునికి స్తోత్రం!" ఏడ్చాడో నవ్వాడో గాలి హోరులో తెలియలేదు. బస్సు రూటు సంగతి చెప్పాక తేరుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఏమంటివి బావా, గాలిదూరమా? నీ విమానం గూడా నా రోడ్డు మీదనే వచ్చిందంటనే! టికెట్టు కొట్టేదా?"

ఆరిపోయిండాది గాని

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. దూరం అడిగితే చెప్పండి. సేపు అడిగితే గాలి కలిపి చెప్పండి. గాలి తెలియకపోతే తెలియదని చెప్పండి. ఆ మాట అనడానికే మనకు జీతం. మిగతా అంతా యంత్రాలు మనకంటే బాగా చేస్తాయి, రేపు ఇంకా బాగా చేస్తాయి. అందుకు నాకు బెంగ లేదు. ఇర్ఫాన్ లాంటివాళ్లను చూశాక ఉన్న కాస్త బెంగా పోయింది. కడప నుంచి ఓర్వకల్లుకు నేరుగా విమానం కూడా ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. వస్తే ఎంతసేపో మాత్రం నన్ను అడగకండి.

సువార్త ఇప్పుడు ఇంకా పెద్ద విమానం మీద నేర్చుకుంటోంది. బద్వేలు చుట్టాలు నవ్వడం మాని ఫొటోలు అడుగుతున్నారు.

ఇక ఆ రోజు మిగిలిన కథ. పిల్ల ఓర్వకల్లులో కాస్త కుదురుకుంది, కెప్టెన్‌తో ఫోన్లో మాట్లాడింది, మళ్లీ లేచింది. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోసింది. కడపలో ముచ్చటగా దిగింది. కెప్టెన్ చేయి కలిపాడు, అంతకంటే ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మా ఇంటికి వచ్చి, శాంతమ్మ వేసిన కారం దోసెలు తిని, ఒళ్లు తెలియకుండా ఒక నిద్ర తీసింది.

అది ఒంటరి ప్రయాణం. తండ్రిని కూడా ఎక్కించుకోవడానికి లేదు. దావీదు బస్సులోనే రావాలి.

సాయంత్రం సువార్తను వెంటబెట్టుకుని కడప బస్టాండుకు వెళ్లాను. దారిలో ఆగి పళ్లు కుట్టుకునే పుల్ల ఒకటి సంపాదించాను. కర్నూలు బస్సు వచ్చింది. దావీదు నడుము పట్టుకుని, దుమ్ము కొట్టుకున్న మొహంతో దిగాడు. ముందు కూతుర్ని చూశాడు. రెండు చేతులతో ఆ పిల్ల తల పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నేను ఆగాను. ఆ మాత్రం మర్యాద నాకూ ఉంది.

అతను తల తిప్పి నన్ను చూసేసరికి పుల్ల నోట్లో పెట్టుకున్నాను.

"ఏం దావీదూ, అయిపాయనా నీ నాలుగు గంటలు?"

అతనికి వెంటనే అర్థమైంది. చెయ్యి చాచి నా నోట్లో పుల్ల లాగబోయాడు.

"నీ బిడ్డ వచ్చె, తినె, ఒక నిద్ర గూడా తీసె. నీకోసరం మీ అక్క కారం దోసె దాపెట్టింది." పొట్లం అతని చేతిలో పెట్టాను. "ఆరిపోయిండాది గాని, తినప్పా."